గాలిలో పన్నెండు సపోర్టులు

కరగండా నగరంలోని ఒక డిజైన్ ఆఫీసులో ఉక్కు కట్టడాలు ఎంత బరువు మోయగలవో లెక్క కట్టేది రౌషన్. చెల్లెలి కూతురి పెళ్లికి కిజిలొర్దా ఊరు వెళ్లి నాలుగో రోజున తిరిగొచ్చేసరికి, కొత్తగా కట్టబోయే స్కూలు వ్యాయామశాల లెక్క పూర్తయిపోయి ఫైలు బల్ల మీదుంది. చివరి పేజీలో 'లెక్క చేసినవారు' అన్నచోట ఆమె పేరే.

తను ముట్టుకోని లెక్క కింద తన పేరు! కోటైనా విప్పకుండా కంప్యూటర్ తెరిచింది.

డ్రాయింగ్ మోడల్ శుభ్రంగానే ఉంది. దాన్ని లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేసిన దగ్గరే వచ్చింది చిక్కు. పైకప్పు బీముల కింద ఏటవాలుగా ఊతమిచ్చే ఇనుప కడ్డీల, అంటే బ్రేసింగుల, కొసలు నిలువు కాలమ్‌లకు జానెడు దూరంలోనే ఆగిపోయాయి. ఇది మామూలే. ఒక్కొక్క కొసనూ పట్టుకుని కాలమ్‌కు కలపాలి, ఒక పూట పని. కలపకపోతే కంప్యూటర్ మొరాయిస్తుంది. దాని నోరు మూయించడానికి ఎవరో ఆ పన్నెండు కొసలకూ తలా ఒక సపోర్టు, అంటే బరువు మోసే ఆధారం, తగిలించేశారు. నేలకు ఆరు మీటర్ల ఎత్తున, ఉత్త గాలిలో.

రౌషన్‌కు ఒళ్లు మండిపోయింది. ఫైలు పట్టుకుని పెద్ద ఇంజనీరు బెర్దిబెక్ గదిలోకి దూసుకెళ్లింది. ఆయన నూనెలో వేయించిన బౌర్సాకు రొట్టెముక్కలు నములుతూ టీ తాగుతున్నాడు.

"ఈ సపోర్టులు ఎవరు పెట్టారన్నా?"

"నేనే. ఎర్రర్లు వస్తుంటే ఏం చెయ్యమంటావు? పెళ్లిలో ఉన్నావు, నిన్ను కదిలించడం ఎందుకని..."

"నన్ను కదిలించలేదు, నా పేరు మాత్రం వాడేసుకున్నారు!"

"అరవకు తల్లీ. డ్రాయింగ్ నుంచి లెక్క ఒక్క మీట నొక్కితే వచ్చేస్తుందని నగర పాలక ఆఫీసులో చెప్పొచ్చాను. నా మాట పోతుంది."

"మాట పోతుందా? కప్పే పోతుంది! ఆ కొసలు దేని మీద ఆనాయో చూపించండి. దేవుడి అరచేతి మీదా?"

"ఇనుము అంత తేలిగ్గా పడిపోదులే. పైగా స్టీలు ఆర్డరు కూడా వెళ్లిపోయింది."

ఇన్నేళ్లూ ఆయన్ని 'మీరు' తప్ప అనని రౌషన్ నోట 'నువ్వు' వచ్చేసింది.

"అయితే ఫిబ్రవరిలో మంచు కురిసినన్నాళ్లూ నువ్వే వెళ్లి ఆ పిల్లల నెత్తిన కప్పు మొయ్యి!"

తలుపు దభీమని వేసి తన బల్ల దగ్గరికి వచ్చింది. పన్నెండు సపోర్టులూ పీకేసి, పన్నెండు కొసలూ కాలమ్‌లకు కలిపి, మంచు బరువు వేసి లెక్క నడిపింది. అంతవరకూ గాలి మోసిన బరువు కాలమ్‌ల మీదికి తిరిగింది. అంత బరువు మొయ్యలేమన్నట్టు, ఒక్కటీ మిగలకుండా అన్నీ తెర మీద ఎర్రబడ్డాయి. ఆ కాగితాలు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా ప్రభుత్వ తనిఖీ ఆఫీసుకు నడిచింది.

వారం తిరక్కుండా ఆర్డరు ఆగింది. కాలమ్‌ల మందం పెంచి ఆర్డరు కొత్తగా రాయించారు.

ఆ నెల సమావేశంలో బెర్దిబెక్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"మన ఆఫీసు జాగ్రత్త వల్లే తప్పు ముందుగా దొరికింది."

అందరూ చప్పట్లు కొట్టారు. రౌషన్ లేచింది. కుర్చీ వెనక్కి పడింది. దాన్ని ఎత్తకుండా, ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసి బయటికి నడిచింది. చప్పట్లు మధ్యలోనే ఆగిపోయాయి.