సింకు ముందు ముక్క

"మా ఫ్యాక్టరీ లినోలియం అరగదు" అని సీమ్ పెళ్ళయిన కొత్తలో అలీదాకి చెప్పాడు. మొన్న వసంతకాలంలో నేలకి అతికించే అదే లినోలియం చాపని వంటింట్లోంచి పెకలిస్తూ కూడా చెప్పాడు. మధ్యలో ఎన్నిసార్లు చెప్పాడో అలీదా పట్టించుకోవడం మానేసింది. ఆ ఫ్యాక్టరీ ఉన్న డచ్చి ఊరు క్రోమెనీలో పుట్టినవాళ్ళకి ఆ మాట వేదవాక్కు. గాలి ఇటు తిరిగితే చాలు, ఊరంతా లినోలియంలో కలిపే అవిసెనూనె వాసన. ఆ నేల సీమ్ వాళ్ళ నాన్న తను పనిచేసే ఫ్యాక్టరీ నుంచి తెచ్చి పరిపించింది. సీమ్ కూడా అక్కడే పనిచేసి రిటైరయ్యాడు. అలాంటి ఇంట్లో సింకు ముందు నేల గుంటపడితే తప్పు నేలది ఎలా అవుతుంది? కోడలిదే అవుతుంది.

"వదిన చాకలిసోడా ఎక్కువేసి తుడుస్తుందిరా అన్నయ్యా, అందుకే అది నేలని తినేసింది" అని తీర్పు చెప్పింది ఆడపడుచు హెన్నీ. "లినోలియానికి సోడా పడదు అలీదా, ఈ ఊళ్ళో పసిపిల్లల్నడిగినా చెప్తారు" అన్నాడు సీమ్. అలీదా సోడా మానేసి సబ్బునీళ్ళతో తుడిచింది. సబ్బు కూడా మానేసి ఉత్త నీళ్ళతో తుడిచింది. గుంట మాత్రం పూడలేదు. ఇక ఏ పుట్టినరోజు వచ్చినా, చుట్టాలంతా వాళ్ళ ఆచారం ప్రకారం గుండ్రంగా కుర్చీలు వేసుకుని ఒకరికొకరు అభినందనలు చెప్పుకుని కేకు తింటుంటే, హెన్నీ కాఫీ కప్పు పట్టుకుని వంటింటి వైపు చూసి, "చూసుకుని నడవండర్రా, మా వదిన సోడాగుంటలో పడిపోతారు" అనేది. అందరితోపాటు అలీదా కూడా నవ్వేది. నవ్వకపోతే మూతి ముడుచుకుందంటారు. నవ్వీ నవ్వీ, నిజంగా తనే పాడుచేసిందేమో అని చివరికి తనకే అనిపించసాగింది.

ఆ నేలని ఇన్నేళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని తుడిచిన మనిషికి, దాని మీద ఉలి పెట్టి బొమ్మ చెక్కొచ్చని ఎవరూ చెప్పలేదు. లైబ్రరీలో మంగళవారాల క్లాసులో చేరాకే తెలిసింది. లినోలియం ముక్క మీద చెక్కి, రంగు పూసి, బట్ట మీద అచ్చు వేయడం నేర్చుకుంది. మొదటిసారి బట్ట మీద తను చెక్కిన ఆకు తేలినప్పుడు, తన చేత్తో చేసింది మర్నాటికి మళ్ళీ మాసిపోకుండా ఉండిపోవడం ఆమెకి ఎంత సంతోషం కలిగించిందో చెప్పలేం. అందుకే సీమ్ పాత నేలని ముక్కలు చేసి బయట పారేస్తుంటే అడ్డం వెళ్ళింది. మిగతాదంతా జిగురుకి అతుక్కుని ఫెళఫెళా విరిగిపోయింది. సింకు ముందుది ఒక్కటే విరక్కుండా ఊడింది.

"వెతికి వెతికి ఆ గుంటముక్కే దొరికిందా నీకు?"

"బాగున్నవన్నీ నువ్వే విరగ్గొట్టావుగా" అంది అలీదా.

సీమ్ డెబ్బయ్యో పుట్టినరోజుకి టేబుల్ మీద తను అచ్చువేసిన బట్ట పరవాలని ఆమె కోరిక. ఆ ఇంటి టేబుల్ మీద ఆమె వండినవి ఎన్నో పెట్టింది. అవన్నీ తినేశారు, మర్చిపోయారు. ఒక్కటి మిగలాలి. ఇస్త్రీపెట్టెతో లినోలియాన్ని వెచ్చచేసి మెత్తబరిచి, పెరట్లో బేరిపండు చెట్టు ఆకులు కుప్పలుగా చెక్కింది. ఒక మధ్యాహ్నం కొత్త నేల మీద దుప్పటి పరిచి, దాని మీద తెల్ల నారబట్ట వేసింది. రోలర్‌తో నీలిరంగు పూసి, ముక్కని బోర్లించి, మేజోళ్ళతో దాని మీదకి ఎక్కి నిలబడింది. అచ్చు బాగా దిగాలంటే బరువు కావాలి. "వదిన కూర్చుంటే కుర్చీ ఏడుస్తుంది" అనే హెన్నీ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఏడవనీ అనుకుంటూ మూల మూలకీ జరిగి తొక్కింది.

ఎత్తి చూస్తే ఆకుల మధ్య తెల్లటి మచ్చలు. రంగు తక్కువైందనుకుని మళ్ళీ పూసి, మరో పక్క వేసింది. మళ్ళీ అక్కడే మచ్చలు. నేల అరిగిన చోట రోలర్ అందడం లేదు, రంగు అంటడం లేదు. హెన్నీకి ఇంకో ఏడాదికి సరిపడా మాటలు దొరికాయి అనుకుని నీరసంగా కుర్చీలో కూలబడింది. అక్కడ్నుంచి, కొంచెం దూరం నుంచి చూసింది.

అవి మచ్చలు కావు, పాదాలు. మడమలూ, ముందుపాదాలూ స్పష్టంగా ఉన్నాయి. సోడా పాదాల ఆకారంలో తినదు కదా! పైగా అవి రెండు జతలు. వెడల్పుగా ఉన్న జత తనది. దాని పక్కనే సన్నటి జత, అందులో ఒక పాదం కాస్త లోపలికి తిరిగి ఉంది. అలా నడిచే మనిషి ఆ ఇంట్లో ఒక్కరే. అత్తగారు గ్రీట్. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

అలీదాకి ఆ ఇంట్లో తన మొదటి చలికాలం గుర్తొచ్చింది. గిన్నెలు కడుగుతూ వణుకుతుంటే గ్రీట్ వచ్చి భుజం పట్టి జరిపింది. "గోడ వైపు నిలబడమ్మాయ్, కింద వేడినీళ్ళ గొట్టం పోతుంది. కాళ్ళకి వెచ్చగా ఉంటుంది." తను కిటికీ వైపుకి, చలి కొట్టే చోటుకి జరిగి, గుడ్డ తీసుకుని గిన్నెలు తుడిచింది. ఆ రోజు మొదలు మోకాళ్ళు పనికిరాకుండా పోయేదాకా అక్కడే నిలబడి తుడిచింది. ఆవిడ మాటకారి కాదు. "బంగాళాదుంపకి తొక్కు మందంగా తీస్తావు" అనడం తప్ప మెచ్చుకున్నది లేదు. గిన్నెలు సరిగ్గా కడుగుతున్నానో లేదో చూడ్డానికే నిలబడుతుందని అలీదా లోపల్లోపల గింజుకునేది. కానీ సోడా జోకు ఎవరు వేసినా గ్రీట్ నవ్వేది కాదు. లేచి ఖాళీ కప్పులు ఏరేది. అదిప్పుడు గుర్తొచ్చింది అలీదాకి.

"నీ వెచ్చటి చోటు నాకిచ్చావా అత్తయ్యా" అని పైకే అనేసి, రంగు చేతులతోనే కళ్ళు తుడుచుకుంది. ఆ సాయంత్రం ఆమెకి కలిగిన కృతజ్ఞత అంతా ఇంతా కాదు. ఆ ఇంట్లో ఏనాడూ తను ఒంటరిగా నిలబడలేదు.

పుట్టినరోజు పొద్దున సీమ్ గొణిగాడు. "అందరూ వస్తారు అలీదా. ఆ తెల్లమచ్చలది వద్దు, కొన్నది వేద్దాం." అలీదా తనదే పరిచింది.

హెన్నీ కేకు ప్లేటు పట్టుకుని వంగి చూసింది. "ఇదేంటి వదినా, సగంలో రంగయిపోయిందా?"

"అది మీ అమ్మ, హెన్నీ. సింకు ముందు ముక్క అది. ఇవి మీ అమ్మ కాళ్ళు, పక్కన నావి."

హెన్నీ లోపలికి తిరిగిన ఆ పాదం మీద వేలు పెట్టి, తీయడం మర్చిపోయింది. సీమ్ వచ్చి, ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేసినట్టు అరచేత్తో ఆ తెల్లదనాన్ని నిమిరాడు. చాలాసేపు నిమిరాడు.

"అరిగింది" అన్నాడు చివరికి.

కాఫీలయ్యాయి. కప్పులు పేరుకున్నాయి. అలవాటుగా లేవబోయిన అలీదా, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కూర్చుంది. తనకి ఇంకో ముక్క కేకు వడ్డించుకుంది. సీమ్ అటూ ఇటూ చూసి, కప్పులు పోగుచేసుకుని వంటింట్లోకి వెళ్ళాడు. హెన్నీ గుడ్డ తీసుకుని వెనకే వెళ్ళింది. కొత్త నేల మీద ఎక్కడ నిలబడాలో ఇద్దరికీ తెలియక తడబడుతున్నారు.

"గోడ వైపు జరుగు సీమ్" అంది అలీదా కూర్చున్న చోటునుంచే. "అక్కడ కాళ్ళకి వెచ్చగా ఉంటుంది. కిటికీ వైపు హెన్నీకి వదులు."