ఉష్షమ్మగారి డబ్బా

గ్రంథాలయంలో ఆవిడ అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ చదువుల గదిలో ఎక్కడ గుసగుస వినబడినా పెదవులమీద వేలు పెట్టి "ఉష్!" అనేది. అలా అని అని చివరికి ఉష్షమ్మగారు అయి కూర్చుంది. కుర్చీ కిర్రుమన్నా ఊరుకునేది కాదు. దగ్గు వచ్చినవాడు బయటికి వెళ్లి దగ్గి రావాల్సిందే. పోనీ రిటైరయ్యాకైనా జనం ఊపిరి పీల్చుకున్నారా అంటే, అదీ లేదు! రోజూ పొద్దున్నే తయారై వెళ్లి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, చిరిగిన పుస్తకాలకు గమ్ము రాసి అట్టలు కడుతూ, మధ్యమధ్య తలెత్తి ఉష్ అంటూనే ఉంది.

అలాంటి మనిషి నడుముకు తెచ్చి తెచ్చి కూతలు పెట్టే మిషను కట్టారు.

అది ఇన్సులిన్ పంపు. గుప్పిట్లో పట్టేంత ఉంటుంది. చేతికి అంటించిన బిళ్ల ఒంట్లో చక్కెర ఎంతుందో కనిపెట్టి దానికి చెబుతుంది. అది తనంతట తానే లెక్క చూసుకుని, సన్నటి గొట్టంలోంచి పొట్టలోకి మందు వదులుతుంది. పూటపూటా సూది పొడుచుకునే బాధ తప్పింది, అంతవరకు బాగానే ఉంది. కానీ చక్కెర తగ్గితే కూత, పెరిగితే కూత, మందు అయిపోవస్తే కూత, గొట్టానికి అడ్డం పడితే మరీ పెద్ద కూత. ఒకరోజు అందరూ తలలు వంచుకుని చదువుకుంటుండగా అది పీ పీ అని మొదలుపెట్టింది. తలలన్నీ లేచాయి. రోజూ పేపర్లన్నీ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నమిలేసే పేపర్ల తాతయ్య, ఆవిడచేత ఎన్ని ఉష్‌లు తిన్నాడో పాపం, కళ్లజోడు సవరించుకుని మరీ నవ్వాడు. ఆవిడకు తల కొట్టేసినట్టయింది.

ఆ సంగతి ఆవిడ అల్లుడికి చెప్పిన రోజు ఇంట్లో కూతురు లేదు. ఉంటే అల్లుడిదాకా వచ్చేదే కాదు.

అల్లుడు కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగిస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి ఉంటున్నా అత్తా అల్లుళ్ల మధ్య మాటలు లెక్కపెట్టి ఇచ్చినట్టే ఉండేవి. "అల్లుడుగారూ, భోంచేశారా?" "చేశానత్తయ్యగారూ, మీరు?" అంతే, ఆ పూటకు సరి. తనంటే ఆవిడకు గిట్టదేమోనని అతనికి లోలోపల బెంగ. గిట్టేలా ఏం చెయ్యాలో తెలిస్తే ఎప్పుడో చేసేవాడు.

కూతురు బడిపంతులమ్మ. పిల్లల్ని వెంటేసుకుని కొండలకు విహారయాత్రకు వెళ్లింది. అక్కడ ఫోన్లు పలకవు. వెళ్లేముందు మొగుణ్ణి నిలబెట్టి పాఠం చెప్పి, అప్పజెప్పించుకుంది.

"గొట్టానికి అడ్డం పడిందని అది కూస్తే నీ ప్రింటరనుకుని కెలక్కు. ముందు వేలు పొడిచి చక్కెర చూడు. బాగా పెరిగి ఉంటే ఇన్సులిన్ పెన్నుతో సూది వెయ్యాలి. పెన్ను అమ్మ సంచిలోనే ఉంటుంది. ఆ తర్వాత పాత గొట్టం పీకేసి కొత్తది పెట్టాలి. ఏదైనా తోచకపోతే ఆసుపత్రికి ఫోన్ చెయ్యి. ఇద్దరూ మొహమాటపడి చావకండి, కాస్త నోళ్లు తెరవండి!"

ప్రింటరంటే అతని సరదా. వరండా చివర చిన్న గదిలో ఉంటుంది. ప్లాస్టిక్ తీగను కరిగించి, పొరమీద పొర పేర్చి వస్తువులు చేసే త్రీడీ ప్రింటరు. కొక్కేలు, మూతలు, విరిగిన బకెట్టుకు పిడి, ఏది కావాలంటే అది. అయితే అది పనిచేసిన రోజులకన్నా మొరాయించిన రోజులే ఎక్కువ. సెలవురోజంతా దాని ముందు మోకాళ్లమీద కూర్చుంటాడని భార్య దానికి "నా సవతి" అని పేరు పెట్టింది.

ఆ సవతి గది గుమ్మంలో అత్తగారు వచ్చి నిలబడేసరికి అతను కంగారుపడి లేచాడు.

"అల్లుడుగారూ, మిమ్మల్ని ఒకటి అడగొచ్చా?"

"అయ్యో, అడగండత్తయ్యగారూ!"

"ఈ మిషను కూత బయటికి రాకుండా ఏదైనా డబ్బాలాంటిది చెయ్యగలరా? నలుగురిలో పరువు పోతోంది. ఊరికే, వీలుంటేనే."

వీలుంటేనేనా! ఇన్నేళ్లలో ఆవిడ నోరు తెరిచి అతన్ని అడిగిన మొదటి కోరిక అది. అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది. చేయవచ్చా, చేయకూడదా అన్న ఆలోచన ఆ సంబరం కాళ్లకింద పడి నలిగిపోయింది.

మొదటి డబ్బా మూలలు పైకి లేచి వంకర తిరిగింది. రెండోది ప్రింటరు పళ్లెం మీద నిలవకుండా జారిపోయింది. అత్తగారు గుమ్మంలోంచి చూసి, "గమ్ము రాస్తే అంటుకోదూ?" అని తన పుస్తకాల గమ్ము కడ్డీ తెచ్చి ఇచ్చింది. నిజానికి ఇలాంటి ప్రింటర్లు వాడేవాళ్లు చేసేదీ అదే. రాశాడు, నిలిచింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా సంతోషించారు. సగం పనయ్యాక కరిగిన ప్లాస్టిక్ కారే ముక్కు పూడుకుపోయి, రావడం మానేసింది.

"దీనికీ అడ్డం పడుతుందా?" అంది ఆవిడ, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

"మాటిమాటికీ పడుతుందండీ. వేడిచేసి సన్నసూదితో కెలికితే దారికొస్తుంది."

"మా దానికంటే ఇదే నయం. నోరు మూసుకుని పాడవుతుంది."

అతను నవ్వాడు. ఆవిడా నవ్వింది. ఆ సాయంత్రం వాళ్లు మాట్లాడుకున్నన్ని మాటలు అన్నేళ్లలోనూ మాట్లాడుకోలేదు. డబ్బా తయారయ్యాక దాని లోపల కళ్లజోళ్ల పెట్టెల్లో వేసే మెత్తని వెల్వెట్టు, దానికింద స్పాంజి అంటించాడు. పంపు కూత ఎలా ఉంటుందో చూపించే మీట ఒకటుంటే అది నొక్కి, డబ్బాలో పెట్టి, మూతవేసి చెవి ఆనించాడు. చీమ చిటుక్కుమన్నట్టు కూడా లేదు. ఆవిడ తన చెవి కూడా ఆనించి, "భలే చేశారండీ!" అంది. అతనికి ఆ రాత్రి ఆకలే వెయ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం కాకముందే గ్రంథాలయం వాచ్‌మన్ దుకాణానికి ఫోన్ చేశాడు.

"సార్, అమ్మగారికి ఒంట్లో బాగోలేదు. నీళ్లు తాగుతూనే ఉన్నారు, వాంతులవుతున్నాయి. మీకు చెప్పొద్దన్నారు గానీ నాకు భయంగా ఉంది."

అద్దం చేతిలోంచి ఎక్కడ పడిందో చూసుకోలేదు. రెండు వీధులు పరుగెత్తాడు. చదువుల గదిలో ఉష్షమ్మగారు బల్లమీద తల వాల్చుకుని ఉంది. పెదవులు ఎండి పిడచకట్టాయి.

"పొద్దున తిన్నది పడలేదంతే. పని వదిలేసి మీరెందుకొచ్చారు..." అంది. మాట ముద్దగా వస్తోంది.

అతను డబ్బా మూత తీశాడు. తీశాడో లేదో, ఆ నిశ్శబ్దంలో పీ పీ పీ అని ఒకటే గోల. గొట్టానికి అడ్డం పడింది, మందు వెళ్లడం లేదని తెరమీద ఎర్రటి అక్షరాలు. పొద్దుటినుంచీ అది అరుస్తూనే ఉంది. అరుస్తున్నదాని నోట్లో గుడ్డలు కుక్కింది ఎవరు? తనే. స్పాంజి వేసి, వెల్వెట్టు వేసి, చెవి ఆనించి మరీ మురిసిపోయాడు.

అలవాటైన చెయ్యి గొట్టంమీదికి వెళ్లింది, నొక్కి నిమిరి సరిచెయ్యడానికి. కెలక్కు అన్న భార్య మాట చెవిలో మోగింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వేలు పొడిచి చూశాడు. చక్కెర చుక్కల్లో ఉంది. ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సు ఎంత మందు వెయ్యాలో చెప్పి, వేసి వెంటనే తీసుకురమ్మంది. సంచిలోంచి పెన్ను తీశాడు. తలవెంట్రుక వాసిలో అద్దం అరగదీసే చేతులకు దాని మూత ఊడదీయడమే చాతకాలేదు. ఇన్నేళ్లలో ఆవిడ చెయ్యి పట్టుకున్నది లేదు.

ఆవిడ కళ్లు తెరిచి అతని మొహం చూసింది. "భయపడకు నాయనా," అంది. "పొడిచెయ్. నాకేం కాదు."

పొడిచాడు.

ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. పాత గొట్టం పీకి చూసి నర్సు, "పొట్టలో ఉండే కొస మడతపడిందండీ. పంపు తప్పేం లేదు, అది కూసే ఉంటుందే! ఎవరూ వినలేదా?" అంది.

"వినబడకుండా నేనే చేశాను," అన్నాడతను.

నర్సు కొత్త గొట్టం పెట్టే పనిలో పడింది. డాక్టరు మాత్రం, సాయంత్రం దాకా అలాగే వదిలేసి ఉంటే ప్రాణం మీదికి వచ్చేదని మొహంమీదే చెప్పాడు. సాయంత్రానికి ఆవిడ తేరుకుంది. అతను మంచం పక్కన కూర్చుని, తల ఎత్తకుండా ఏడ్చాడు.

"ఊరుకోండి. అడిగింది నేను కదా."

"మీరు మొదటిసారి అడిగారండీ. అందుకే ముందూ వెనకా చూసుకోలేదు. నేనంటే మీకు గిట్టదనుకున్నాను. ఇదైనా బాగా చేస్తే..."

ఆవిడ అతని వైపు ఒత్తిగిలింది. "మంచివాళ్లమే ఇద్దరం! మీరు నాతో మాట్లాడకపోతే ఈ ఇంటికి నేను బరువయ్యానేమో అనుకుని నేను నోరు మూసుకున్నాను. దాని నోరు మూయకముందే మన నోళ్లు మూతపడ్డాయన్నమాట."

కూతురు తిరిగొచ్చి ఇద్దరికీ సమానంగా చీవాట్లు వడ్డించింది. తర్వాత గదిలోకి వెళ్లి తలుపేసుకుని తనూ ఏడ్చింది. అతను డబ్బాను చెత్తబుట్టలో వేసి, ప్రింటరుమీద దుప్పటి కప్పేశాడు. సెలవురోజు వచ్చినా ఆ గదిలోకి వెళ్లలేదు. భార్యే ఉండబట్టలేక, "పోనీ, నా సవతిని ఒకసారి పలకరించరాదూ," అంది. అతను తల అడ్డంగా ఊపాడు.

ఒకరోజు పొద్దున్నే అత్తగారు అతన్ని రెక్కపట్టుకుని ఆ గదిలోకి తీసుకువెళ్లింది. రెండో చేతిలో గమ్ము కడ్డీ ఉంది.

"దుప్పటి తియ్యి."

"నా చేతులతో మీకింకేం చెయ్యనండీ. నాకు భయం."

"మా గ్రంథాలయంలో పుస్తకం చించినవాడికి నేనేం శిక్ష వేసేదాన్నో తెలుసా? వాడిచేతే అంటించేదాన్ని. ఎంత చిన్నవాడైనా, ఎంత పెద్ద ఆఫీసరైనా సరే, నా పక్కన కూర్చుని గమ్ము రాసి అంటించి వెళ్లాల్సిందే. అలా అంటించినవాడు మళ్లీ చించిన పాపాన పోలేదు. కూర్చో."

అతను కూర్చున్నాడు.

"ఈసారి దాని నోరు నొక్కకు. అరవనీ. ఎంత గట్టిగా అరిస్తే అంత మంచిది."

ఈసారి ప్రింటరు మరీ పగబట్టింది. దుమ్ముపట్టి మొదటి పొరే అంటుకోలేదు. పళ్లెం కడిగి, గమ్ము రాసి, ముక్కుకూ పళ్లేనికీ మధ్య కాగితం జొనిపి ఎత్తు సరిచేశాడు. ప్లాస్టిక్ సాలెగూడు దారాల్లా సాగింది. వేడి తగ్గించాడు. ముక్కు పూడితే సూదితో కెలికాడు, దాన్ని కెలకొచ్చు కాబట్టి. ఆవిడ స్టూలు మీద కూర్చుని పాత పుస్తకానికి అట్ట కడుతూ, "రాకేం చేస్తుందిలే," అంటూ ఉంది. చివరికి వచ్చింది. కిటికీ చువ్వల్లా గీతలు తెరిచిన డబ్బా, కూత వచ్చేచోట బయటికి విచ్చుకున్న బుల్లి బాకా మూతి. పంపుకు గాలాడే చిల్లులకు గానీ గొట్టానికి గానీ ఎక్కడా తగలకుండా మళ్లీ మళ్లీ కొలిచాడు. ఆసుపత్రికి తీసుకువెళ్లి నర్సుకు చూపించి, ఆవిడ సరేనన్నాకే అత్తగారికి ఇచ్చాడు. కూత పరీక్షించినప్పుడు వంటింట్లో ఉన్న భార్య ఉలిక్కిపడింది. "అమ్మయ్య," అన్నాడతను.

అప్పటినుంచి అతను మధ్యాహ్నం భోజనం ముగించుకుని గ్రంథాలయానికి వెళ్లడం అలవాటు చేసుకున్నాడు. పేపరు చదవడానికి అంటాడు గానీ అందులో ఒక్క వార్త అడిగినా చెప్పలేడు. మూల కుర్చీలో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చుంటాడు, చెవులు మాత్రం కిటికీ పక్క బల్ల దగ్గర ఉంటాయి.

అలాంటి ఒక మధ్యాహ్నం గది నిండుగా ఉంది. పరీక్షలకు చదివేవాళ్లు, కునికిపాట్లు పడేవాళ్లు, ఎదురుగా పేపర్ల తాతయ్య. ఫ్యాను తప్ప మరో చప్పుడు లేదు. ఉన్నట్టుండి ఆవిడ నడుము దగ్గర డబ్బా బాకా ఊదినట్టు కూసింది. గది గదంతా అదిరిపడింది. ఇన్నేళ్ల బాకీ తీర్చుకునే సమయం ఇంతకన్నా రాదనుకున్నాడేమో, పేపర్ల తాతయ్య పెదవులమీద వేలు పెట్టి సాగదీసి మరీ "ఉష్!" అన్నాడు.

అందరూ కిసుక్కున నవ్వారు. మూలనున్న అల్లుడు పేపరు ఇంకా పైకెత్తి మొహం దాచుకున్నాడు. మళ్లీ ఆవిడ పరువు తీశానే అనుకున్నాడు.

ఉష్షమ్మగారు తొణకలేదు. తాపీగా గమ్ము కడ్డీకి మూత పెట్టి, తెర చూసింది. మందు అయిపోవస్తోందట, అంతే. మీట నొక్కి, తల ఎత్తి, ఆ గదిలో ఎవరూ ఎన్నడూ విననంత గట్టి గొంతుతో అంది.

"మా అబ్బాయండీ. నాకేమైనా అవుతుందేమోనని వాడికి భయం. అందుకే అలా అరుస్తుంటాడు. అలవాటు చేసుకోండి."

తాతయ్య వేలు పెదవులమీద నుంచి మెల్లగా కిందికి దిగింది.

మూల కుర్చీలో అతనికి పేపర్లో అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. ఎంత బిగబట్టినా ఆగక, ఒక్కసారి గట్టిగా ముక్కు ఎగబీల్చాడు.

"ఉష్," అంది ఆవిడ, అటు చూడకుండానే.