జూబిలీ పుస్తకంలో మెమరీ చిప్పు

నాలుగేళ్లు రాత్రింబవళ్లు కూర్చుని డిజైన్ చేసిన నా మెమరీ చిప్పు మార్కెట్లోకి వచ్చిన నెలకే ఓ పెద్ద కంపెనీ మా మీద కేసు వేసింది. సమాచారం దాచే గదుల్లో ఏది పాడవబోతోందో చిప్పే ముందుగా పసిగట్టి, అందులో ఉన్నదాన్ని వేరే గదికి మార్చే పద్ధతి మీద 2009 నుంచి పేటెంటు వాళ్లదట.

"నేను కాపీ కొట్టలేదు!" అని మా లాయరు సౌజన్య గారి మీద విరుచుకుపడ్డాను.

"కొట్టకపోయినా మీ చిప్పు చేసేది అదే కదా. ఉల్లంఘన లేదని వాదిస్తే ఓడిపోతాం. అసలు ఆ పేటెంటే చెల్లదనాలి. వాళ్లకంటే ముందు ఎవరైనా ఈ పద్ధతిని బయటపెట్టినట్టు చూపించండి. లేకపోతే మీ చిప్పు అమ్మడం ఆపేయాల్సిందే" అన్నారావిడ.

ఆ ఏడుపు మొహంతోనే హైదరాబాదు నుంచి మా ఊరు మలికిపురం వచ్చి, భోజనాల దగ్గర సంగతి చెప్పాను. పాలిటెక్నిక్ లెక్చరరుగా రిటైరైన మా నాన్న ఏసుపాదం గారు ముద్ద కలపడం ఆపేశారు.

"అది నేను రాసేను కదమ్మా రెబెకా. మన చర్చి జూబిలీ పుస్తకంలో, 2003లో."

అమ్మకి నవ్వుతో పొలమారింది. ఆ కథ మా ఊళ్లో తెలియనివాళ్లు లేరు. అమలాపురం ప్రెస్సువాళ్లు పేజీలు తారుమారు చేసి, నాన్న వ్యాసాన్ని ఆరాధన క్రమం మధ్యలో కుట్టేశారు. అందులో పాస్టరుగారు ఒక వాక్యం చదివితే సంఘం తరవాతి వాక్యం చదవాలి. జూబిలీ ఉత్సవం రోజున ఆయన "బలహీనమైన గదిని ముందుగానే గుర్తించవలెను" అన్నారు. మూడొందల మంది లేచి నిలబడి "దానిలోని సమాచారమును వేరొక గదికి మార్చవలెను" అన్నారు. అలా పేజీన్నర భక్తిగా చదివి ఆమేన్ కూడా చెప్పేశారు! ఆ తరవాత ఏళ్ల తరబడి "ఏమండీ మాస్టారూ, గది మార్చేరా?" అని ఏడిపించారు. నాన్న మళ్లీ కలం పట్టలేదు.

పుస్తకం దొరికింది. కానీ చర్చి పుస్తకాన్ని చదివిందెవరని అవతలివాళ్లు అడ్డం తిరిగారు. సాక్ష్యాలు తీసుకోవడానికి కోర్టు ఓ కమిషనర్ని మలికిపురం పంపింది.

మొదటి సాక్షి, చర్చిలో పాటలు పాడే క్వయిరుని నడిపే కాంతం గారు. "నిజంగా ఆ రోజు ఇది చదివారా?" అని గద్దించాడు అవతలి లాయరు.

"ఆయ్, చదివేమండీ. చూడకుండా చెప్పమంటారా?" అని ఆవిడ లేచి, పాస్టరుగారి వాక్యం గొంతెత్తి పలికారు. వరండాలో తమ వంతు కోసం కూర్చున్న నలభై మందీ ఒక్క గొంతుతో జవాబు చెప్పారు. ఆ లాయరుకే నవ్వాగలేదు. కమిషనరు గారు మాత్రం బుద్ధిగా అంతా రాసుకున్నారు.

ఆరు నెలలకి తీర్పొచ్చింది. పేటెంటు చెల్లదు, కాబట్టి ఉల్లంఘన అన్న ప్రశ్నే లేదు. ఎగిరి గంతేసి, తీర్పు కాగితాలు పట్టుకుని మలికిపురం బస్సెక్కాను.

"గెలిచాం నాన్నా! నా చిప్పు బతికింది!"

"అందులో నా పేరుందామ్మా?"

చదివాను. "ఈ పద్ధతిని 2003లోనే మలికిపురానికి చెందిన ఏసుపాదం వివరంగా ప్రచురించారు." మళ్లీ చదవమన్నారు. చదివాను. ఇంకోసారి అన్నారు. ఆయన మొహంలో అంత సంతోషం నేనెన్నడూ చూడలేదు, చదవడం మరిచి ఆయన్నే చూస్తుండిపోయాను. అమ్మ నా చేతిలోంచి కాగితం తీసుకుని, లేచి నిలబడి చదివింది.