తడి చెత్త

నేను ఒక ఆకుపచ్చ చెత్తడబ్బాని. నన్ను మధ్యలో పెట్టుకుని ఆ ఇంటి అత్తాకోడళ్లు వాదించుకోవడం అప్పటికి వారం దాటింది.

"నమిలి ఊసిన మునక్కాడ పిప్పీ, బీరకాయ చెక్కూ ఒకే దాంట్లోనా? ఎంగిలి కలిసిపోదూ?" అంది సుభద్రమ్మగారు.

"చెత్తకి ఎంగిలేమిటత్తయ్యా? రెండూ తడి చెత్తే," అంది కోడలు హైమావతి.

"చెక్కయితే ఆవుకి పెట్టుకోవచ్చు. పిప్పి పెడతావా?"

"ఈ క్యాంపస్‌లో ఆవెక్కడుంది, వీసీగారి బంగళాలో తప్ప!"

విరిగిన ప్లాస్టిక్ కుర్చీలూ ఓటి బకెట్లూ కరిగించి నన్ను పోతపోశారు. అంటే నేనూ ఒకప్పుడు చెత్తనే. పొట్ట మీద ఆకు బొమ్మా, యూనివర్సిటీ ముద్రా వేసి, 'హరిత ప్రాంగణం' పథకం కింద స్టాఫ్ క్వార్టర్స్‌లో ఇంటికొక జత పంచారు. తడికి నేను, పొడికి నా నీలం తోడు. పంపిణీ నాడు నన్ను పట్టుకుని ఫొటో దిగిన పెద్దమనుషులు వెంటనే చేతులు కడుక్కున్నారు. అప్పటికి నాలో ఏమీ లేదు.

ఆ పథకానికి కన్వీనరు సుభద్రమ్మగారి కొడుకు, ప్రొఫెసర్ శేషగిరి. క్వార్టర్స్ వెనక ప్రహరీ పక్కనే క్యాంపస్ చెత్తంతా పోసి తగలబెట్టేవారు. ఆ పొగకి ఆవిడకి ఆయాసం వచ్చేది. మంచం మీద కూర్చుని, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, ఒక్కొక్క ఊపిరీ లాక్కునేది.

ఒక ఆదివారం శేషగిరి తల్లి పక్కన కూర్చుని నచ్చచెప్పాడు. "తడి చెత్త విడిగా ఇస్తే ఎరువు చేస్తామమ్మా. అందరూ అలా ఇస్తే ఇక తగలబెట్టడానికి ఏముంటుంది? పొగే ఉండదు."

ఆవిడ నమ్మింది. చెత్త ముట్టుకుంటే స్నానం చేసే మనిషి, మర్నాడు తన చేత్తోనే నా మూత తీసింది. పిప్పీ చెక్కూ కలిపే వేసింది. ఎంగిలి మాట మళ్లీ ఎత్తలేదు. పైగా కాపలా మొదలుపెట్టింది.

"ఒసే లహరీ, చాక్లెట్ కాగితం ఇందులో వేసింది నువ్వేగా? తియ్యి!"

"అబ్బ, మామ్మా! నాన్నకి బదులు నువ్వే కన్వీనరువైపో," అనేది మనవరాలు.

యూనివర్సిటీకి గ్రేడు ఇచ్చే తనిఖీ బృందం వచ్చిన వారం నిజంగానే పొగ రాలేదు. "మా వాడు అన్నంతా చేశాడే!" అని సుభద్రమ్మగారు పక్కింటావిడతో చెప్పుకుంది. ఆ సంతోషం నేనూ పడ్డాను. అబద్ధమెందుకు, నాకూ గర్వంగానే ఉండేది.

బృందం వెళ్లిపోయింది. పొగ తిరిగొచ్చింది. ఎవరో సరిగ్గా వేరు చెయ్యడం లేదనుకుని, ఆవిడ ఒక పొద్దున మమ్మల్నిద్దరినీ తానే ఈడ్చుకుంటూ గేటు దగ్గరికి తెచ్చి నిలబడింది. ట్రాక్టరు వచ్చింది. దాని మనిషి నన్ను తొట్టిలోకి బోర్లించాడు. నీలం డబ్బానీ ఆ పైనే బోర్లించాడు.

"ఒరే అబ్బాయ్! రెండూ కలిపేశావేంట్రా?"

"రోజూ కలిపేదేగా మామ్మగారూ! తనిఖీకని రెండో ట్రాక్టరు అద్దెకి తెచ్చారు, అది ఎల్లిపోయిందండి. అయ్యగారికి తెల్సు."

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ కొడుకుని అడిగింది. అతను కంచంలోంచి తలెత్తలేదు.

"గ్రేడు కోసం తప్పలేదమ్మా. వచ్చే బడ్జెట్‌లో చూద్దామన్నారు."

మునక్కాడ పిప్పి గురించి వారం పైగా వాదించిన మనిషి, సాయంత్రం పొగ వస్తే కిటికీ కూడా వేసుకోలేదు. హైమావతే వచ్చి వేసి, అత్తగారి వీపు రాస్తూ చాలాసేపు కూర్చుంది.

నాకు ఆయాసం లేదు. చావూ లేదు, ప్లాస్టిక్‌ని కదా. ఈ వంటింటి గుమ్మం పక్కన ఇంకా ఎన్ని కుటుంబాలు నా మూత తీసి, ఏది తడో ఏది పొడో వెతుక్కుంటాయో!

ఆ రాత్రి భోజనానికి నలుగురూ కూర్చున్నారు. హైమావతి అందరికీ మజ్జిగ పోసి, గొంతు పెంచకుండా భర్తతో చెప్పింది.

"టౌన్లో మా చెల్లెలు వాళ్ల మేడ మీద వాటా ఖాళీ అయిందిట. ఒకటో తారీఖున అత్తయ్యనీ లహరినీ తీసుకుని అక్కడికి వెళ్లిపోతున్నాను. క్యాంపస్ వదలడం మీకు కుదరదంటే, మీరు ఉండండి."