వెచ్చటి గదిలో నాలుగు కుర్చీలు

ఆ చలికాలం మొదలయ్యాక ఆమె పేరు మారిపోయింది. అంతకుముందు భర్త "ఏమోయ్" అనేవాడు, అత్తగారు "అమ్మాయ్" అనేది, కూతురు "అమ్మా" అని సాగదీసేది. ఇప్పుడు ఆ ముగ్గురూ, మామగారితో కలిపి నలుగురూ, ఒకే మాట మీదికి వచ్చారు. ఆమె ముందుగదిలోకి అడుగు పెట్టినా, అక్కణ్ణుంచి అడుగు బయటపెట్టినా "తలుపు!" అని అరుస్తారు. ఆ ఇంట్లో నలుగురికీ ఒక విషయంలో మాట కలవడం ఎన్నడూ చూడలేదు కాబట్టి ఆమె మొదట్లో నవ్వుకుంది కూడా.

ఇల్లు భర్త తాతగారి కాలం నాటిది. ఎత్తైన కప్పులు, పొడుగాటి కిటికీలు, ఎండిపోయి సందులు విడిచిన చెక్కలు. ఈ కొంప మొత్తాన్ని వెచ్చబెట్టడమంటే వీధిని వెచ్చబెట్టడమేనని భర్త తేల్చేశాడు. కరెంటు పొదుపు మీద ఎక్కడో ఉపన్యాసం విని వచ్చి, "ఒక్క గది, ఒక్క హీటరు. చీకటి పడేసరికి అందరం అందులోనే" అన్నాడు. ఆ మాట ఆమెకు నిజంగానే నచ్చింది. తలుపు కింది సందులోంచి గాలి రాకుండా భర్త పాత ప్యాంటు కాలు కత్తిరించి, అందులో చింకిగుడ్డలు కూరి, పొడుగాటి చుట్ట కుట్టింది. కూతురు దానికి కొండచిలువ అని పేరు పెట్టింది. "అందరం" అన్న మాటలో తానూ ఉన్నాననే ఆమె అనుకుంది.

అయితే వంటిల్లు నడవాకి ఆ చివర ఉంది. మామగారి మందులకు గోరువెచ్చటి నీళ్ళు, అత్తగారి శాలువా, భర్త టీ, కూతురి ఛార్జరు, అన్నీ ఇంట్లో చల్లటి భాగంలోనే ఉంటాయి. మరి నడిచే కాళ్ళు ఎవరివో వేరే చెప్పాలా? పగలు ఆమె పనిచేసే పంటి డాక్టరు క్లినిక్కులోనూ ఆమె బల్ల గుమ్మం పక్కనే. "ఆ తలుపు కాస్త చూడమ్మా" అంటాడు డాక్టరు లోపల్నుంచి. అక్కడ జీతమన్నా ఇస్తారు.

ఒక శనివారం సాయంత్రం రెండు చేతుల్లో ట్రే పట్టుకుని, నడుంతో తలుపు నెట్టుకుంటూ లోపలికొచ్చింది. భర్త ఫోన్లోంచి తలెత్తలేదు.

"వేడంతా నువ్వే బయటికి మోసుకుపోతున్నావు. మేం పొదుపు చేస్తున్నాం, నువ్వు తగలేస్తున్నావు."

మామగారు పకపకా నవ్వారు. ఆమెకు మనసు చివుక్కుమంది. కానీ గిన్నెలు తోముతుంటే ఆ నొప్పి కంటే ఆ మాటే బుర్రలో తిరగసాగింది. వేడిని మోసుకుపోవడమా? స్వెట్టరు వేసుకున్న ఒక మనిషి ఎంత వేడి మోయగలదు? ఏ జేబులో? "గిన్నెలకు వేడినీళ్ళెందుకు" అని వంటింటి గీజరు కూడా ఆపించేశాడాయె. చన్నీళ్ళకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అంత వేడి నిజంగా తనతో వచ్చి ఉంటే ఈ వేళ్ళకి కాస్తయినా అందదా? అసలు ఆ గదిలో వేడి ఎటు పోతోందో చూడాలన్న కుతూహలం పుట్టిందామెకు. చిన్నప్పుడు గడియారం విప్పి దెబ్బలు తిన్న కుతూహలం అది. ఇన్నేళ్ళూ ఎక్కడ దాక్కుందో ఏమో.

మర్నాడు మధ్యాహ్నం అందరూ చుట్టాలింట్లో పసిబిడ్డను చూడ్డానికి బయల్దేరారు. "నాకు పనుంది, మీరెళ్ళండి" అంది. అబద్ధమేం కాదు. వాళ్ళు వీధి మలుపు తిరగ్గానే హీటరు వేసి, కొవ్వొత్తి వెలిగించి, గదిలో మూలమూలా తిరిగింది. మామగారి కిటికీ దగ్గర మంట పక్కకి వాలిపోయింది. ఆయన సిగరెట్టు బూడిద దులపడానికి తీసీ తీసీ గడియ పడటం మానేసింది. భర్త కుర్చీ వెనక, టీవీ తీగ కోసం ఆయనే కొట్టించిన కంతలోంచి వచ్చిన గాలికి మంట ఏకంగా ఆరిపోయింది. ఆమెకు నవ్వాగలేదు. తర్వాత తలుపు సంగతి చూద్దామని బయటికి వెళ్ళి వేసుకుంది. కొండచిలువ లోపల ఎడంగా ఉండిపోయింది. సందులోంచి వేళ్ళు పెట్టింది, గరిటె కాడ పెట్టి లాగింది. ఊహూఁ. బయటికి వెళ్ళినవాళ్ళు దాన్ని సర్దలేరు. లోపల కూర్చున్నవాళ్ళే కాలు చాచి నెట్టాలి. ఇన్నాళ్ళూ ఆ కాలు చాచినవాళ్ళు లేరు, అరిచినవాళ్ళే ఉన్నారు.

మళ్ళీ లోపలికొచ్చి భర్త కుర్చీలో కూలబడింది. కాసేపటికి పాదాల్లోకి ప్రాణం వచ్చింది. ఈ గది ఇంత వెచ్చగా ఉంటుందా! చలికాలం సగం గడిచినా తనకి తెలియనే లేదు. మొదట హాయిగా అనిపించింది, వెంటనే కోపం వచ్చింది, ఆ వెనకే ఏడుపు. హీటరు చుట్టూ భర్త కొలతేసి మరీ సర్దిన కుర్చీలు చూసింది. నాలుగు. మామగారిది, అత్తగారిది, ఆయనది, కూతురిది. కావాలని తనకి వెయ్యకపోతే పోట్లాడొచ్చు. అసలు తట్టనే లేదాయనకి.

సాయంత్రం అందరూ వచ్చి ఎవరి కుర్చీల్లో వాళ్ళు సర్దుకున్నాక, ఆమె వంటింట్లోంచి తన పీట తెచ్చుకుని కూతురి పక్కన వేసుకుని కూర్చుంది.

"ఏం, ఒంట్లో బాలేదా?" అన్నాడు భర్త.

"బానే ఉంది."

"మరి కూర్చున్నావేం?" అంది అత్తగారు. పాపం, ఎత్తిపొడుపు కాదు, నిజంగానే అర్థంకాక అడిగింది.

"చలేస్తోంది అత్తయ్యా."

మామగారు మందు డబ్బా చేతిలో పట్టుకుని దగ్గారు. ఆమె హీటరు వైపు చేతులు చాపింది. లేవాలని కాళ్ళు వాటంతటవే జరుగుతున్నాయి, పళ్ళ బిగువున ఆపుకుంది.

"నాన్నకి నీళ్ళు..." అన్నాడు భర్త.

"నేను లేస్తే వేడి పోతుందన్నారుగా. ఆ కిటికీ గడియా, మీ వెనక కంతా రేపు బాగుచేయించండి. ఇవాళ్టికి నీళ్ళు మీరే తెండి."

ఆయన ఆమెను వింతగా చూసి, గొణుక్కుంటూ లేచి వెళ్ళాడు. ఆమె కాలు చాచి కొండచిలువను సందుకి నెట్టింది. గాలి ఆగిపోయింది. అత్తగారు ఆ కాలు వంక, ఆ చుట్ట వంక చూసింది.

"నేనూ నువ్వొచ్చాకే ఈ గదిలో కూర్చోవడం మొదలెట్టానమ్మాయ్" అంది మెల్లగా, ఎవరికో చెబుతున్నట్టు. మామగారు విననట్టు కిటికీ వైపు తిరిగారు. అత్తగారి కుర్చీ మొదట్నుంచీ అత్తగారిదేనని ఆమె ఇన్నాళ్ళూ అనుకుంది.

అంతలో బయట గ్లాసుల చప్పుడయింది. "తలుపు!" అన్నాడు భర్త అవతల్నుంచి. "చేతులు ఖాళీ లేవు, ఎవరన్నా తియ్యండి!"

అత్తగారు అలవాటు కొద్దీ మనవరాలి వైపు తిరిగింది. "లేవవే, నాన్న నిలబడ్డాడు."

కూతురు సగం లేచింది. ఆమె ఆ పిల్ల మోకాలి మీద చెయ్యేసింది.

"కూర్చో తల్లీ. అది అటునుంచి కూడా తెరుచుకుంటుంది."