రంగు పూసిన అద్దం

బకెట్లో గుడ్డ పిండి, బండి ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుంది స్టీరింగక్క. డ్రైవింగు నేర్పే ఆమెకు ఆ పేరు పెట్టింది శిష్యురాళ్ళే. క్లచ్ తొక్కీ తొక్కీ ఎడమ మోకాలు ఎప్పుడూ వాచే ఉంటుంది. దాని మీద మోచెయ్యి ఆన్చుకుని, చక్రం సందుల్లో మట్టిని గోటితో గీకుతోంది.

"నీ మొదటి మొగుడి స్నానం అయితే, ఈ రెండోవాడికి కాసిన్ని టీనీళ్ళు పోస్తావా?" గుమ్మంలోంచి అడిగాడు భర్త.

"ఇవాళ మీరే పెట్టుకోండి. కంపెనీ షోరూంవాళ్ళు రమ్మన్నారు, నన్నూ నా బండినీ ఇద్దర్నీ."

తండ్రి టాక్సీగా తిప్పిన బండి అది. ఆయన పోయాక అన్నలు అమ్మేద్దామంటే, చేతి గాజులు తీసి వాళ్ళ ముందు పెట్టి తెచ్చుకుంది; పాఠాలన్నీ దాని మీదే. ఆ బండి చేసిన కంపెనీని ఎవరైనా చులకన చేస్తే తన మనిషిని అన్నట్టే మీదికి లేచేది. విడిభాగాలు చెయ్యడం వాళ్ళు మానేసినప్పుడు కూడా "వాళ్ళ కష్టాలేవో వాళ్ళకుంటాయి" అని వెనకేసుకొచ్చి, పాత ఇనుప కొట్లన్నీ గాలించేది. ఏ కారు కొనమంటారని శిష్యురాళ్ళు అడిగితే ఆమె నోట వచ్చేది ఆ ఒక్క పేరే.

షోరూం మేనేజరు మెట్ల దాకా ఎదురొచ్చాడు.

"మీలాంటి పాత అభిమానులే మాకు ప్రాణం అమ్మా. మీ బండిని వేదిక మీద పెడతాం. కాస్త ముస్తాబు చేయిస్తాం."

ఆమె మురిసిపోయి తాళాలు అతని చేతిలో పెట్టింది.

లోపల కార్లు రెండే ఉన్నాయి. మిగతా హాలంతా పేరున్న గాయకుడొకడి బొమ్మలు, అతని సంతకం వేసిన టోపీలు, బూట్లు. అతనితో కలిసి కంపెనీ తెస్తున్న కొత్త మోడలు కోసమట ఈ సంబరం. ఫొటోలో పడుతున్నారు, పక్కకి జరగండని ఎవరో ఆమెను కసిరారు.

చప్పట్లు వినబడి వేదిక దగ్గరికి వెళ్ళింది. గాయకుడు తెచ్చిన చిత్రకారుడు ఆమె బండి మీద గులాబీ రంగు చిమ్ముతున్నాడు. తలుపులు, బానెట్టు, చివరికి ముందు అద్దం కూడా.

"అయ్యో, ఆపండి! అద్దానికి పూస్తే నాకు రోడ్డెలా కనబడుతుందండీ?"

మేనేజరు నవ్వాడు. "ఇంక దీన్ని నడిపేదేముందమ్మా? కళాఖండం అయిపోయింది. ఇక్కడే ఉంటుంది. మీకు కొత్తది ఇప్పిస్తాం, సంతకంతో సహా."

"చూపించడానికి తెచ్చాను గాని, ఇవ్వడానికి తేలేదే!"

అతను అప్పటికే కెమెరావైపు తిరిగిపోయాడు.

జనాన్ని తోసుకుంటూ వెళ్ళి బండెక్కింది. తాళం దానికే వేలాడుతోంది. ఇంజను ఒక్క తిప్పుకే పలికింది. అరచేత్తో అద్దాన్ని తుడిచింది. రంగు బయటుంది. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు. ఇంజను ఆపి, దిగి, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచింది.

"బండేది?" ఒంటరిగా ఇంటికొచ్చిన ఆమెను అడిగాడు భర్త.

"అన్నల నుంచి కాపాడుకున్నాను. వీళ్ళ నుంచి కాపాడుకోలేకపోయాను."

విషయమంతా విని, అతను చొక్కా తొడుక్కున్నాడు. "పద, తెచ్చేసుకుందాం. రంగే కదా, గీకిస్తే పోతుంది."

"రంగు పోతుందండీ. స్టీరింగు మీద ఆ కంపెనీ పేరుంటుందిగా. దాన్ని చూసుకుంటూ మళ్ళీ ఎలా నడపను?"

అతను చొక్కా విప్పలేదు, అలాగే ఆమె పక్కన కూర్చున్నాడు. మర్నాటి పాఠానికి వేళ అడగడానికి ఎవరో ఫోన్ చేస్తే, ఇంక నేర్పడం లేదమ్మా అని మెల్లగా చెప్పింది.

షోరూంలో, గులాబీ రంగు ఆరిన తలుపుల వెనక, డ్రైవరు సీటు మీద ఆమె ఎత్తు కోసం వేసుకునే దిండు, నడుమ గుంత పడి అలాగే ఉంది.