పొగమంచులో కేక

హనీమూన్‌కని గిద్దలూరులో రైలెక్కిన మహేశ్వరి, ధనుంజయ హిమాలయాల్లో ట్రెక్కింగుకు వచ్చారు. మూడు రోజులు జట్టుతో కలిసి గైడు వెనకే నడిచి, డేరాల్లో పడుకుని, ఈ ఉదయం ఆఖరి ఎత్తు ఎక్కుతున్నారు. ఇంకాస్త ఎక్కితే శిఖరం. అప్పుడే పొగమంచు కమ్మింది. బూటు లేసు కట్టుకోవడానికి వెనక ఆగిన ధనుంజయ కనపడకుండా పోయాడు.

"ఆయన జోడీవి నువ్వే కదా, పేరు పెట్టి గట్టిగా పిలువు. పలకకపోతే శిఖరం మానుకుని అందరం వెతుక్కుంటూ దిగాల్సిందే" అన్నాడు గైడు హిందీలో.

మహేశ్వరి నోరు తెరిచి ఆగిపోయింది. మొగుడి పేరెత్తితే ఆయుష్షు తగ్గుతుందని అత్త శేషమ్మ చెప్పినప్పుడు ఆమె నవ్వింది, డిగ్రీ చదివింది మరి. ఇక్కడ మాత్రం నవ్వు రాలేదు.

"ఏమండీ!" అంది. ఆ మాటను గాలి మింగేసింది.

దాంతో అరచేతులు నోటికి రెండువైపులా పెట్టుకుని, కొమరోలులో తన నాయన పొద్దుగూకేవేళ గొర్రెలను మళ్లించే కేక వేసింది.

"మే..." అని మంచులోంచి జవాబొచ్చింది. దాని వెనకే నవ్వుకుంటూ ధనుంజయ వచ్చాడు.

అందరూ శిఖరం చేరేసరికి వెచ్చగా ఎండ కాసింది.

"గొర్రెను పిలిచినట్ల పిలుస్తావా? ఇదేం మర్యాద?"

"పేరైతే ఎత్తలేదు గదా! కావాలంటే మీ అమ్మనడగండి."

"అడిగేదేంది? చేన్లో ఉన్న నాయనను మా అమ్మ పిలిచేది గూడా ఇట్లనే."

ఈసారి మహేశ్వరికి నవ్వు ఆగలేదు.